ఇంటర్నెట్టు తిడుతోంది

"ఇదిగో అబ్బాయ్, మీ ఇంటర్నెట్టు నన్ను తిడుతోంది."

ఇంతియాజ్ రిసీవర్‌ని చెవి దగ్గర్నుంచి తీసి, ఒకసారి దాని మొహం చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర జకరయ్య కంప్యూటర్ షాపులో అతను చేరి రెండేళ్లు దాటింది. కంప్యూటర్ ఆన్ కావట్లేదని ఫోన్లు వస్తాయి. ప్రింటర్ కాగితం నమిలేసిందని వస్తాయి. తిడుతోందని రావడం మాత్రం ఇదే మొదలు.

"ఎవురు, కృష్ణస్వామి గారేనా?"

"ఇంకెవరయ్యా? పది రోజుల కింద ఆళ్లగడ్డకొచ్చి మా ఇంట్లో కనెక్షన్ పెట్టి పోయింది నువ్వే కదా?"

"నేనే స్వామీ. తిట్టడమంటే... స్క్రీన్ మీద ఎర్రర్ ఏమన్నా వస్తాందా?"

"ఎర్రరూ గిర్రరూ కాదు. మనిషి తిట్టినట్టే తిడుతోంది. ఆడగొంతు. నిన్న సాయంత్రం 'నీకు అక్కచెల్లెండ్లు లేరా' అని అడిగింది. ముగ్గురు అక్కలున్నారమ్మా, ముగ్గురూ శ్రీరంగంలోనే ఉన్నారు అని చెప్పాను. వినిపించుకోలేదు."

"మీరు ఇంటర్నెట్టుతో మాట్లాడినారా స్వామీ?"

"మనిషి అడిగితే జవాబు చెప్పొద్దూ? మర్యాద ఉండక్కర్లా?"

ఇంతియాజ్ ఫోన్ పెట్టేశాడు. పక్కనే సీపీయూ విప్పుతున్న జకరయ్య తలెత్తకుండానే "ఏందప్పా?" అన్నాడు.

"ఆళ్లగడ్డ స్వామి వాళ్ల కంప్యూటర్ తిడతాందంట."

"నువ్వేం చేసినావో దాన్ని. పో, బస్సెక్కు."

కృష్ణస్వామిది అహోబిలం పండితుల కుటుంబం. ఆళ్లగడ్డలో ఇల్లు కట్టుకున్నాడు. తాతల నాటి తాటాకుల్లో ఉన్న స్తోత్రాలన్నీ ఓపిగ్గా కంప్యూటర్‌లో టైప్ చేస్తున్నాడు. ఈ ఏడు వాటిని పుస్తకంగా వేయించాలి. చెన్నైలో ప్రెస్సువాళ్లు ఫ్లాపీలు పోస్టులో పంపితే పాడైపోతున్నాయి, ఈమెయిల్ చేయండన్నారు. అందుకని ఆయన ఫోన్ వైరుకు ఒక మోడెం తగిలించుకున్నాడు. అది అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా, ముందు ఎర్ర లైట్లు. మనం బటన్ నొక్కితే ఆ డబ్బా నంద్యాలలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తుంది. అక్కడ మనిషి ఎత్తడు, ఇంకో డబ్బా ఎత్తుతుంది. రెండు డబ్బాలూ కాసేపు కీచుమని అరుచుకుని ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అంతే, ఇంటర్నెట్ వచ్చినట్టు.

ఇందులో ఆడమనిషికి చోటెక్కడిదో ఇంతియాజ్‌కు ఆళ్లగడ్డ బస్సులో కూర్చున్నంతసేపూ అర్థం కాలేదు. కనెక్షన్ పెట్టిన రోజు ఎన్నిసార్లు కొట్టినా ఎంగేజ్ టోనే వచ్చింది. "నంద్యాల లైన్లన్నీ బిజీగా ఉండాయి స్వామీ. పొద్దున, సాయంత్రం చూడండి. కలవకపోతే అదే మళ్లామళ్లా కొట్టుకుంటాది" అని చెప్పి, చివరి బస్సు అందుకోవడానికి పరుగెత్తాడు.

కృష్ణస్వామి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మధ్యాహ్నం నేను అహోబిలంలో ఉంటాను. నీకోసం ఇవాళ మానుకున్నాను. రా, నీ చెవులతో నువ్వే విను."

ఇంతియాజ్ డయల్ నొక్కాడు. మోడెం టకటకా నంబర్ కొట్టింది. అవతల రింగ్ పోతున్న చప్పుడు మోడెంలోని చిన్న స్పీకర్‌లో నుంచి వినిపించింది. ఆ తర్వాత...

"హలో?"

ఇంతియాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నిజంగానే ఆడగొంతు!

"హలో, ఎవురు? మళ్లా నువ్వేనా? ఏం మూగోడా, ఈ పొద్దు మధ్యాన్నమే లేసినావే! డ్యూటీ మారినాదా?"

"చూశావా?" అన్నాడు కృష్ణస్వామి, గెలిచినవాడిలా.

అవతల ఠక్కున పెట్టేసిన చప్పుడు. ఇంతియాజ్ వైర్లన్నీ లాగి, ఊది, మళ్లీ పెట్టాడు. బల్ల మీదున్న ఫోన్ ఎత్తి చూశాడు. డయల్ టోన్ బాగానే ఉంది. మళ్లీ డయల్ నొక్కాడు. ఈసారి రింగ్ పోతుండగానే రిసీవర్ ఎత్తి మాట్లాడబోయాడు. మోడెం లైన్ మీదున్నంతసేపు ఆ ఫోన్‌లో ప్రాణం ఉండదు. రిసీవర్ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"నీకు ఫోన్ చేసే ధైర్యం ఉంది, నోరు తెరిసే ధైర్యం ల్యాదా?" అంది గొంతు. "సరే, ఒగ పని చెయ్. నేను అడుగుతా. ఊ అంటే అవునని, గమ్మునుంటే కాదని. నువ్వు మనిషివేనా?"

మోడెం ఎర్ర లైట్లు మిణుకుమన్నాయి.

"కాదా? నేనూ అదే అనుకుంటి."

ఇంతియాజ్ పగలబడి నవ్వాడు. కృష్ణస్వామి అతని వంక అనుమానంగా చూశాడు. "నన్ను తిడితే నీకు నవ్వొస్తోందా?"

"లేదు స్వామీ. ఇది క్రాస్ కనెక్షనేమో. ఇంగొగసారి చెక్ చేస్తా."

చెక్ చేయడానికి అక్కడ ఏమీ లేదు. వైర్లు చూసేశాడు, సెట్టింగులు చూసేశాడు. ఎక్కడ తప్పుందో తెలియక బుర్ర తిరిగిపోతోంది. అయినా వేలు తనంతట తాను డయల్ మీదికి వెళ్లింది. ఆ గొంతు ఇంకోసారి వినాలనిపించింది, అంతకు మించి ఏ కారణమూ లేదు. ఈసారి ఏమని తిడుతుందోనని చెవి మోడెం దగ్గరికి పెట్టాడు.

ఈసారి ఆ గొంతు తిట్టలేదు.

"ఈ తూరి తిట్టను. పెట్టేయాకుండా విను." గొంతు తగ్గింది. "నీ ఫోన్ల వల్ల మా నాయన నన్ను కాలేజీ మాన్పించినాడు. పొద్దున నేను బస్సుకు పోకముందు మోగుతాది. సాయంత్రం నేను ఇల్లు చేరినాక మోగుతాది. పగలు నేను లేనప్పుడు ఒగ దినం కూడా మోగలేదు. ఎత్తితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎవడో నాకోసమే చేస్తాండాడని మా నాయన లెక్క. నంద్యాలలో బీఈడీ చదువుతాండా. సోమవారం నుంచి పరీక్షలు. హాల్ టికెట్ బీరువాలో పెట్టి తాళం ఏసినాడు. ఎల్లుండి పాణ్యం నుంచి నన్ను చూడ్డానికి వస్తాండారు."

ఇంతియాజ్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"నువ్వు చెడ్డోడివో, ఎవురికో చేయబోయి మాకు చేస్తాండావో నాకు తెల్దు. నీ కాడుండే నంబరు ఒగసారి సరిగ్గా చూసుకో. ఇది ఆళ్లగడ్డ. పరుపుల హుస్సేన్ పీరా ఇల్లు. నంబరు చదువుతాండా..."

ఆమె ఒక్కో అంకె చదువుతుంటే ఇంతియాజ్ కళ్లు స్క్రీన్ మీద ఒక్కో అంకెనూ దాటుకుంటూ పోయాయి. మొదటిది అదే. రెండోది అదే. చివరిదాకా అదే.

"నాయన వస్తాండాడు, పెడతా" అని గబుక్కున గొంతు ఆగిపోయింది.

అప్పుడు అర్థమైంది ఇంతియాజ్‌కి. స్క్రీన్ మీదున్నది నంద్యాల ఇంటర్నెట్ కంపెనీ నంబరే. ఇన్నాళ్లూ నంద్యాల ఇళ్లలో కనెక్షన్లు పెట్టిన చెయ్యి తనది. ఊళ్లో కొట్టే నంబరుకు కోడ్ అక్కర్లేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు చేయాలంటే ముందు నంద్యాల ఎస్టీడీ కోడ్ ఉండాలి. ఆ ముక్క మర్చిపోయాడు. కోడ్ లేకపోతే ఫోన్ ఊరు దాటదు. ఆళ్లగడ్డలోనే అవే అంకెలున్న ఇంటికి పోతుంది. మొదటి రోజు ఎంగేజ్ వచ్చింది నంద్యాల లైన్లు బిజీగా ఉండి కాదు, పరుపుల హుస్సేన్ పీరా ఇంట్లో ఎవరో ఫోన్‌లో మాట్లాడుతుంటే.

కోడ్ కలిపి డయల్ నొక్కాడు. మోడెం కీచుమంది, బుస్సుమంది, గరగరలాడి ఊరుకుంది. ఇంటర్నెట్ వచ్చింది.

"తిట్టలేదే!" కృష్ణస్వామి సంబరపడిపోయాడు. "ఆవిడ కోపం ఎలా పోయిందయ్యా?"

"ఆమె ఇంటర్నెట్టు కాదు స్వామీ. పరుపుల హుస్సేన్ పీరా కూతురు. నేను చేసిన తప్పుకు మీ కంప్యూటర్ దినామూ వాళ్లింటికి ఫోన్ చేస్తాండాది."

కృష్ణస్వామి కూర్చుండిపోయాడు. "మా ఇంట్లో పరుపులన్నీ అతను కుట్టినవే. ఆ పిల్ల పరీక్ష అందే ఇందాక... బీరువా అందే..."

"అవును స్వామీ."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

ఏం చేయాలో ఇంతియాజ్‌కీ తెలియదు. కోడ్ సరిచేశాడు. రేపట్నుంచి వాళ్ల ఫోన్ మోగదు. సంచీ భుజాన వేసుకుని బస్టాండుకు పోతే అడిగేవాళ్లు లేరు. ఆ మూగోడు ఎవరో, ఎందుకు మానేశాడో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కానీ బీరువా తాళం అలాగే ఉంటుంది. ఆ అమ్మాయి మీద పడిన మాట కూడా అలాగే ఉండిపోతుంది.

"నేను వచ్చేదాకా కంప్యూటర్ ఆపొద్దు స్వామీ" అని బయల్దేరాడు.

హుస్సేన్ పీరా అంగడి బజారు మలుపులో ఉంది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. లోపల దూది కుప్ప పక్కన కూర్చుని పెద్ద సూదితో పరుపు కుడుతున్నాడాయన.

"రా అప్పా. సింగిలా, డబులా?"

"పరుపు కోసం కాదు పెద్దాయనా." ఇంతియాజ్ దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు. ఆ పేర్చుకున్నవన్నీ గుమ్మంలోనే రాలిపోయాయి. "మీ ఇంటికి ఫోన్లు వస్తాండాయి గదా, ఎత్తితే మాట్లాడకుండా... అవి చేసింది నేనే."

సూది ఆగింది.

హుస్సేన్ పీరా మెల్లగా లేచాడు. దూది కొట్టే బెత్తం చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వేనా? నా ఇంటికే వచ్చి నాకే చెప్తాండావా?"

"అట్ల కాదు, నేనంటే నేను కాదు..."

"ఇంగెవురు?"

"కంప్యూటర్!"

బెత్తం గాల్లోకి లేచింది. ఇంతియాజ్ పరుపుల దొంతర వెనక్కి దూకాడు. పెద్దాయన ఒక పక్క నుంచి వస్తే ఇతను ఇంకో పక్కకు. ఒక దెబ్బ పరుపు మీద పడి దూది లేచింది. ఇద్దరికీ దగ్గొచ్చింది.

"కంప్యూటర్ ఫోన్ చేస్తాదా? దానికి మా పాపతో ఏం పని రా?"

"ఏందీ అల్లరి?" అంటూ పరదా తీసుకుని ఆయన భార్య మాబున్నీ వచ్చింది. ఆమె వెనకే ఇంకో మనిషి.

ఇంతియాజ్ దగ్గు ఆపుకుని చూశాడు. చున్నీ అంచున దూది పోగులు అంటుకున్నాయి. ఏడ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ చూపు మాత్రం నేరుగా ఉంది. ఈ గొంతుకు ఎలాంటి మనిషి ఉంటుందోనని అతను ఊహించుకున్నదంతా తప్పేనని తేలింది. ఊహించినదానికన్నా ఎంతో బాగుంది. ఆ ముక్క అనుకోవడానికి అది సమయం కాదని కూడా అతనికి తెలుసు.

"నాయనా, ఆగు" అంది కూతురు షిఫా. ఇంతియాజ్ వైపు తిరిగింది. "నువ్వే అయితే చెప్పు. ఈ పొద్దు రెండో తూరి నేనేమడిగినా?"

"నువ్వు మనిషివేనా అని అడిగినావ్."

"చూస్తివా?" హుస్సేన్ పీరా అరిచాడు. "అన్నీ వింటానే ఉండాడు! మూగోడు వీడే!"

నిజం చెప్పినకొద్దీ తానే ఇరుక్కుపోతున్నాడని ఇంతియాజ్‌కు అర్థమైంది. షిఫా కూడా అయోమయంగానే చూసింది. "ఇంత విన్నోడివి, నోరు తెరిసి ఒగ మాట చెప్పచ్చు గదా?"

"దాంట్లో మన మాట పోదు. మీ మాట మాత్రం మాకు వస్తాది."

"ఒగ పక్కే పన్జేసే ఫోన్ యాడన్నా ఉంటాదా?"

"అది ఫోన్ కాదు, మోడెం. కృష్ణస్వామి గారింట్లో ఉంది. నంద్యాలకు చేయమని పెట్టినా. కోడ్ పెట్టడం మరిసిపోయినా. అది నంద్యాల అనుకోని మీ ఇంటికి చేస్తాండాది. నమ్మకపోతే వచ్చి చూడండి."

"నంద్యాలకు చేస్తే ఆళ్లగడ్డలో మోగుతాదా?" హుస్సేన్ పీరాకు ఇది మరీ అన్యాయంగా అనిపించింది.

షిఫా మాత్రం కాసేపు ఆలోచించింది. "నాయనా, నువ్వు పోయి చూసిరా. నేను ఈడనే ఉంటా. మోగితే ఎత్తుతా. అబద్ధమని తేలితే అప్పుడు కొడుదువు."

దారిలో వాన పట్టుకుంది. పరుపుల మీద కప్పే ప్లాస్టిక్ పట్ట హుస్సేన్ పీరా తన నెత్తి మీద మాత్రమే కప్పుకున్నాడు. రెండో చేత్తో ఇంతియాజ్ మణికట్టు వదల్లేదు.

"పేరేంది?"

"ఇంతియాజ్."

"యా ఊరు?"

"నంద్యాల."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"సైకిల్ షాపు."

"నమాజుకు పోతావా?"

"శుక్రవారం పోతా."

"శుక్రవారమొగటేనా!" అని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

కృష్ణస్వామి తువ్వాలుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పీరా, తప్పు ఈ అబ్బాయి ఒక్కడిదే కాదు. పొద్దునా సాయంత్రం ఆ బటన్ నొక్కింది నేనే. నీ కూతురు తిడుతుంటే ఇంటర్నెట్టు తిడుతోందనుకున్నాను." హుస్సేన్ పీరా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పండితుడు అబద్ధమాడడు. అలాగని ఆ మాట నమ్మేలాగానూ లేదు.

ఇంతియాజ్ కోడ్ తీసేసి డయల్ నొక్కాడు. మోడెం టకటకలాడింది. రింగ్ పోయింది.

"హలో."

హుస్సేన్ పీరా ఉలిక్కిపడి కంప్యూటర్ వెనకాల తొంగి చూశాడు. "షిఫా! పాపా!"

"వినపడదు పెద్దాయనా."

"నాయనా, ఆడికి చేరుకున్యావా?" అంది డబ్బా. "చేరుకోనుంటే విను. నువ్వు మాట్లాడ్నీకి కాదంట గదా. మంచిదే. ఇంట్లో నేను ఒగ మాటంటే నువ్వు నాలుగంటావ్. ఈ పొద్దు నేను చెప్పేదంతా వినల్ల."

హుస్సేన్ పీరా నోరు మూసుకున్నాడు.

"నాకు తెల్దు నాయనా, ఎవురో తెల్దు అని దినామూ చెప్పినా. ఏడ్సి చెప్పినా. పుట్టినప్పట్నుంచి నీ కండ్ల ముందరే ఉండా. ఎప్పుడన్నా నీకు అబద్ధం చెప్పినానా? నువ్వు నా మాట నమ్మలేదు. ఫోన్ గంటను నమ్మినావ్."

వాన చప్పుడులో కూడా ఆ గొంతు స్పష్టంగా ఉంది.

"కాలేజీలో సీటొచ్చినప్పుడు బజారంతా చెప్పుకుంటివి, మా పాప టీచరమ్మ అయితాదని. మొదటి దినం బస్సులో సీటు నువ్వే పట్టిస్తివి. ఇప్పుడు ఎవడో మాట్లాడ్లేదని నా చదువు ఆపేస్తివి. ఆ పాణ్యం వాండ్లు మంచోళ్లే అయ్యుండచ్చు. కానీ శిక్ష ఏసినట్ల పెండ్లి చేస్తే నేను చేసుకోను నాయనా. నాకు నువ్వు కావల్ల. నువ్వు నన్ను నమ్మేది కావల్ల. దాని తర్వాతే ఏదన్నా..."

అవతల ఏడుపు మాత్రం వినిపించింది.

"అట్ల కాదమ్మా," అంటూ హుస్సేన్ పీరా మోడెం మీద చెయ్యి వేశాడు. "ఊళ్లో నలుగురూ నాలుగు మాటలంటారని భయపడితి పాపా. నిన్ను కాదు, నేను..."

మోడెం టక్కుమని ఆగిపోయింది. లైట్లు ఆరాయి.

"ఎందుకు ఆపినావ్ రా!"

"నేను ఆపలేదు. ఎదురుగా ఇంగో డబ్బా పలకకపోతే కాసేపు చూసి అదే పెట్టేస్తాది."

"మళ్లా కలుపు. నేను మాట్లాడల్ల."

"ఫోన్ వేరే ఉంది కదా పీరా, దాంట్లో మాట్లాడు" అని కృష్ణస్వామి రిసీవర్ అందించబోయాడు. హుస్సేన్ పీరా చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది ఫోన్లో చెప్పే మాట కాదు స్వామీ."

ప్లాస్టిక్ పట్ట అక్కడే వదిలేసి వానలోకి నడిచి వెళ్లిపోయాడు. ఇంతియాజ్ మణికట్టు మీద ఆయన వేళ్ల గుర్తులు ఎర్రగా కనిపిస్తున్నాయి. తిట్టాడా, క్షమించాడా, ఏమీ చెప్పలేదు. ఇంతియాజ్ కోడ్ మళ్లీ కలిపి, తడిసిన బట్టల్తోనే బస్సెక్కాడు.

సోమవారం పొద్దున అతను బీఈడీ కాలేజీ గేటుకు ఎదురుగా టీ తాగుతున్నాడు. అక్కడి టీ బాగుంటుందని జకరయ్యకు చెప్పి వచ్చాడు. నిజానికి ఆ టీ ఘోరంగా ఉంటుంది. ఆటో దిగింది షిఫా. ఆమె సంచీ మోసుకుంటూ వెనకే హుస్సేన్ పీరా. కూతురు లోపలికి పోయేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇంతియాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని టీ కొట్టువాడికి చెప్పాడు.

లోపలికి పోతూ షిఫా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తండ్రినా, తననా? తననే అయితే కోపంగానా, మామూలుగానా? కనుబొమ్మలు కొంచెం పైకి లేచినట్టున్నాయి. అది 'నువ్వా' అనా, 'నువ్వేనా' అనా? పరీక్షలన్నాళ్లూ అతను రోజూ ఆ పాడు టీ తాగాడు. రోజూ ఆమె ఒకసారి చూసేది. రోజూ అతనికి ఏమీ తేలేది కాదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కనుబొమ్మలు ఎత్తి చూసుకుంటుంటే వాళ్లమ్మ దిష్టి తీసింది.

పరీక్షలు అయిపోయిన రోజు మధ్యాహ్నం గట్టి వాన. షాపు మెట్ల మీద చెప్పులు విదిలించుకుంటూ షిఫా లోపలికొచ్చింది. ఇంతియాజ్ చేతిలో స్క్రూ డ్రైవర్ జారి జకరయ్య కాలి మీద పడింది.

"ఈడ రిపేర్లు చేస్తారా?" అంది.

"చేస్తాం. కంప్యూటర్ ఉందా మీకు?"

"ల్యాదు. మా ఇంట్లో ఫోన్ మోగట్ల్యా."

"లైన్ పోయిందేమో. ఎక్స్ఛేంజిలో కంప్లయింట్ రాయించల్ల."

"లైన్ బాగుంది. నాయన అంగడి ఫోన్లన్నీ వస్తాండాయి."

"మరింగ మోగకపోవడమేంది?"

షిఫా తల పట్టుకుంది. జకరయ్య కాలు రుద్దుకుంటూ "ఒరేయ్, నీకు మోడెం ఒగటే అర్థమైతాది" అని గొడుగు తీసుకుని టీకి లేచాడు. "అమ్మా, నువ్వు కూర్చో. వీడికి అన్నీ విడమర్చి చెప్పల్ల."

జకరయ్య వెళ్లాక షిఫా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాణ్యం వాండ్లు వచ్చి పోయినారు" అంది షిఫా. "నాయన ఈ తూరి నన్ను అడిగినాడు. ఇష్టం ల్యాదంటి. సరే అన్నాడు. మనసులో ఎవురన్నా ఉంటే చెప్పు పాపా, బెత్తం ఎత్తను అన్నాడు."

"ఏం చెప్పినావ్?"

"తెల్దంటి. నిజంగానే తెల్దు. తెలుసుకుందామనే వచ్చినా." నేరుగా చూసింది. "ఆ పొద్దు నువ్వు నంబరు సరిచేసుకోని బస్సెక్కి పోయింటే ఎవురికీ తెలిసేది కాదు. దెబ్బలు తినేకి మా అంగడికి ఎందుకొచ్చినావ్?"

"తప్పు నాది గదా. నీ చదువు పోతాంటే ఎట్ల పోతా?"

"అంతేనా?"

ఇంతియాజ్ కింద పడిన స్క్రూ డ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాడు. "అంతే కాదు. ఆ పొద్దు మూడో తూరి నేను చెక్ చేయడానికి డయల్ చేయలేదు. నీ గొంతు వినల్లని చేసినా. అప్పుడు నువ్వు చెప్పింది విన్యాక నా మీద నాకే అసహ్యమేసింది. నన్ను తిట్టుకో, ఏమన్నా అనుకో. నువ్వంటే నాకు ఇష్టం షిఫా. నువ్వు బడికి పోయి పాఠాలు చెప్తాంటే సాయంత్రం నిన్ను పిల్చుకోని రానీకి నేను గేటు కాడ నిలబడుకోవల్లని ఉంది. టీ ఎట్లున్నా పర్లేదు."

షిఫా నవ్వును చున్నీ చాటున దాచుకోబోయింది. దాగలేదు. బల్ల మీదున్న షాపు ఫోన్ దగ్గరికి జరుపుకుని ఆళ్లగడ్డ నంబర్ కొట్టింది.

"నాయనా, నేనే. ఆఖరి పరీక్ష బాగా రాసినా."

"సంతోషం పాపా. యాడుండావ్? వాన చప్పుడు వినపడతాంది." హుస్సేన్ పీరా గొంతు పెద్దది. రిసీవర్ దాటి షాపంతా వినిపిస్తోంది.

"కంప్యూటర్ షాపులో."

కొంచెం ఆగింది అవతల. "ఆ పిల్లోని షాపులోనా? దినామూ కాలేజీ గేటుకు ఎదురుగా నిలబడుకోని టీ తాగే ఆ పిల్లోడేనా?"

ఇంతియాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఊ" అంది షిఫా.

"ఒగ మాట అడుగుతా. దాపరికం వద్దు. ఆ పిల్లోడంటే నీకు ఇష్టమేనా?"

షిఫా నోరు తెరిచింది. మాట రాలేదు. రిసీవర్ రెండు చేతుల్తో పట్టుకుంది, బుగ్గల దాకా ఎర్రబడింది, మళ్లీ నోరు తెరిచింది. అయినా రాలేదు. మోడెంకు అన్నేసి మాటలు చెప్పిన పిల్ల, ముఖాముఖి ఏ మాటకూ తడబడని పిల్ల, ఒక్క 'అవును' కోసం ఇబ్బంది పడుతోంది. ఇంతియాజ్ రిసీవర్ వైపే చూశాడు. ఆ పెద్దాయన ఇలాంటి మౌనానికే కదా మొన్న బీరువాకు తాళం వేశాడు. ఏమనుకుంటాడో, ఎక్కడ తప్పుగా అర్థం చేసుకుంటాడో!

వాన పడుతూనే ఉంది. ఫోన్‌లో ఎవరూ మాట్లాడలేదు.

"సర్లే పాపా" అన్నాడు హుస్సేన్ పీరా చివరికి, చాలా మెత్తగా. "అర్థమైంది. శుక్రవారం నమాజైనాక వాండ్ల అమ్మనీ నాయననీ మన ఇంటికి రమ్మని చెప్పు."